ఒకే బోర్డు, ఐదు ఊళ్లు: ఆన్‌లైన్ వైట్‌బోర్డు లోపల ఏం జరుగుతుంది?

“అమ్మా, నిన్న నేను రాసిన చీటీ ఏటైపోనాది?” అని పలాస నుంచి గుమస్తా గారు పొద్దున్నే ఫోన్ చేశారు. ఆయన గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. నలభై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న మనిషి. రాసింది రాసినచోట లేకపోవడం ఆయన అనుభవంలో ఎన్నడూ లేదు.

మాది ఐదుగురి జట్టు. నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. కోడు రాసే అక్క అదే రాష్ట్రంలోని గుణుపురంలో, బొమ్మలు గీసే తమ్ముడు రాయగడలో, పని నడిపించే పెద్దాయన విశాఖపట్నంలో ఉంటారు. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి ఆర్డర్లు రాసుకునే యాప్ తయారుచేస్తున్నాం. ఆ వ్యాపారి తరఫున మాతో కూర్చునేది ఈ గుమస్తా గారే. కూర్చోవడం అన్నాను గానీ ఐదుగురమూ ఒక గదిలో కలిసింది రెండుసార్లే. మిగతా రోజుల్లో మా గది ఒక ఆన్‌లైన్ వైట్‌బోర్డు.

ఇళ్ల నుంచీ చిన్న ఊళ్ల నుంచీ పనిచేసేవాళ్లు పెరిగాక ఈ బోర్డుల గురించి అడిగేవాళ్లూ పెరిగారు. గూగుల్ జామ్‌బోర్డు అనే తన ఆన్‌లైన్ బోర్డును మూసేశాక “మన బోర్డులు ఏమైనట్టు?” అనే సందేహం చాలామందికి వచ్చింది. గుమస్తా గారి ప్రశ్నకూ ఆ సందేహానికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది. బోర్డు లోపల నిజంగా దాచిపెట్టేది ఏమిటన్నది తెలిస్తే చాలు.

ముందుగా కొన్ని మాటలు

ఆన్‌లైన్ వైట్‌బోర్డు అంటే బ్రౌజరులో తెరుచుకునే అంచుల్లేని తెల్లని స్థలం. లింక్ ఉన్నవాళ్లంతా ఒకేసారి దాని మీద రాయొచ్చు, గీయొచ్చు, ఫొటోలు అతికించొచ్చు. రంగు రంగుల చిన్న చతురస్రాలను స్టిక్కీ నోట్ అంటారు. మేం చీటీ అంటాం. కొన్ని చీటీలను ఒక పెట్టెలో చేర్చి దానికి పేరు పెడితే అది ఫ్రేమ్. తెర మీద ఇతరుల పేర్లతో తిరిగే బాణం గుర్తులు వాళ్ల కర్సర్లు. మిరో, మ్యూరల్, ఫిగ్‌జామ్, మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డ్, ఎక్స్‌కాలిడ్రా ఈ కోవలో ఎక్కువమంది వాడేవి.

స్క్రీన్ షేరింగ్‌ కూడా ఇలాంటిదేనని కొందరు అనుకుంటారు. స్క్రీన్ షేరింగ్‌లో ఒకరి తెరను మిగతావాళ్లు వీడియోలా చూస్తారు. పెన్ను ఒకరి చేతిలోనే ఉంటుంది. బోర్డులో అందరి చేతుల్లోనూ పెన్నులుంటాయి. పైగా ఎవరు చూసే మూల వాళ్లదే.

ఈ చివరి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దీని వెనక పెద్ద కథే ఉంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటరు ఇంజనీరు ఒక ప్రదర్శన ఇచ్చాడు. దాదాపు 30 మైళ్ల అవతల మెన్లోపార్క్‌లో ఉన్న సహోద్యోగితో ఒకే తెరను పంచుకుని పనిచేసి చూపించాడు. తర్వాత 1980లలో జిరాక్స్ వారి పార్క్ పరిశోధనశాలలో ‘కోల్యాబ్’ అనే సమావేశపు గది కట్టారు. ఒకరు చూసేదే అందరూ చూడాలి అన్నది మొదట వాళ్లు పెట్టుకున్న నియమం. వాడి చూశాక ఆ నియమం మరీ బిగుతుగా ఉందని తేలింది. ఒకరు పక్కకు జరిపితే అందరి తెరలూ జరిగిపోతే పని సాగదు కదా. దాంతో దాన్ని సడలించారు. ఇవాళ మన బోర్డుల్లో ఎవరి మూల వాళ్లు చూసుకోగలుగుతున్నది ఆ సడలింపు పుణ్యమే. మీటింగ్‌లో “ఎక్కడున్నారు? నాకు కనబడటం లేదు” అనే మాట పదేపదే వినిపించేదీ దానివల్లే.

ఇప్పుడు వాడుకలో ఉన్న పెద్ద సాధనాల్లో మిరో 2011లో రష్యాలోని పెర్మ్ నగరంలో ‘రియల్‌టైమ్‌బోర్డ్’ పేరుతో మొదలై 2019లో పేరు మార్చుకుంది. మ్యూరల్ కూడా 2011లోనే పుట్టింది. 2020 లాక్‌డౌన్ వీటిని ఇంటింటికీ తెచ్చింది. ఫిగ్‌జామ్ 2021లో వచ్చింది.

తెర మీద కనిపించేది ఆవర్జా, వెనక నడిచేది చిట్టా

గుమస్తా గారికి నేను చెప్పిన పోలిక ఇది. దుకాణంలో రెండు పుస్తకాలుంటాయి. జరిగింది జరిగినట్టు, జరిగిన వరసలో రోజూ రాసేది చిట్టా. అందులోంచి ఖాతాల వారీగా ఎత్తి రాసి, ఎవరి నిల్వ ఎంతో చూపేది ఆవర్జా. వైట్‌బోర్డు మీద కంటికి కనిపించేది ఆవర్జా లాంటిది, అంటే ఈ క్షణపు నిల్వ. దాని వెనక నెట్ మీద పరుగెత్తేవి చిట్టా పద్దులు.

నేనొక చీటీని కుడివైపుకి జరిపాననుకోండి. నా కంప్యూటరు బోర్డు బొమ్మంతా ఎవరికీ పంపదు. “47వ చీటీ, అడ్డం 1200, నిలువు 800” అన్న ఒక్క పద్దు పంపుతుంది. మిగతా నలుగురి కంప్యూటర్లూ ఆ పద్దు చదువుకుని తమ తెర మీద 47వ చీటీని ఆ చోటికి జరుపుకుంటాయి. గీసే పని ఎవరికి వారిదే, నెట్ మీద తిరిగేది పద్దు మాత్రమే.

ఒక్కో చీటీకి కొన్ని గడులుంటాయి. చోటు ఒక గడి, రంగు ఒకటి, కొలత ఒకటి, లోపలి రాత ఒకటి. ఒకే చీటీని నేను పసుపు నుంచి పచ్చకు మారుస్తున్న క్షణంలోనే రాయగడ తమ్ముడు పక్కకి జరిపితే గొడవేమీ లేదు. నా పద్దు రంగు గడిలోకి వెళ్తుంది, అతనిది చోటు గడిలోకి. రెండూ నిలుస్తాయి. ఇద్దరం రంగే మారిస్తే? చాలా బోర్డుల్లో సర్వరుకు, అంటే అందరి పద్దులూ చేరే కంపెనీ కంప్యూటరుకు, చివరగా అందిన పద్దు నిలుస్తుంది, ముందుది చెరిగిపోతుంది. రంగు విషయంలో దానివల్ల పోయేదేం లేదు.

రాత దగ్గరే చిక్కు వస్తుంది. గుమస్తా గారు తన చీటీలో “టిన్ను పెట్టెకి 10 కిలోలు” అని రాసే సమయానికే, అదే చీటీ తెరిచి గుణుపురం అక్క “టిన్నా, ప్యాకెట్టా? అడగాలి” అని రాస్తోంది. చీటీలోని రాత మొత్తాన్నీ ఒకే గడిగా లెక్కించే సాధనంలో చివర వచ్చినదే మిగులుతుంది. ఫిగ్‌జామ్ తయారీదారు ఫిగ్మా తన డిజైన్ సాధనం లోపలి పద్ధతిని 2019లో వివరిస్తూ ఈ మాటే చెప్పింది: ఒకే రాతను ఇద్దరు ఒకేసారి మారిస్తే ఎవరో ఒకరిది నిలుస్తుంది, రెండూ కలవవు. డిజైన్ పనికి ఇది చాలునని వాళ్ల లెక్క. మా వాళ్లిద్దరూ ఒకే చీటీ మీద పడటంతో గుమస్తా గారి 10 కిలోలు అక్క ప్రశ్న కింద మాయమయ్యాయి. ఎవరూ ఏదీ చెరపలేదు. అందుకే ఆ మాయ ఆయనకు అంతుబట్టలేదు.

ప్రతి అక్షరాన్నీ విడి పద్దుగా నడిపే పద్ధతులూ ఉన్నాయి. 1989లో ఎల్లిస్, గిబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక దారి చూపారు. నీ పద్దు నాకు చేరేలోపు నేను ముందు రెండక్షరాలు చేర్చి ఉంటే, నీ పద్దులోని స్థానాన్ని రెండు జరిపి లెక్కేసుకోవాలి. అందరూ కలిసి రాసే డాక్యుమెంట్లకు బలమిచ్చింది ఈ ఊహే. రెండో దారికి 2011లో మార్క్ షపీరో, మరో ముగ్గురు పరిశోధకులు కలిసి ఒక రూపమిచ్చారు. ఇందులో పద్దులు ఏ వరసలో అందినా చివరికి అందరి దగ్గరా ఒకే నిల్వ తేలేలా పద్దునే తయారుచేస్తారు. సర్వరులా మధ్యలో కూర్చుని వరస సరిచేసే పెద్దమనిషి అవసరం ఉండదు.

నెట్ పోయి వచ్చినప్పుడు

వానాకాలం గుణుపురంలో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, దాంతో నెట్టూ పోతుంది. ఆ అరగంట అక్క ఫోన్ బ్యాటరీ మీద పని చేసుకుంటూ పోతే ఆ పని ఏమవుతుంది?

సర్వరే పెద్దమనిషిగా ఉండే సాధనాల్లో రెండు రకాల ప్రవర్తన చూశాను. కొన్ని నెట్ పోగానే బోర్డును చూడటానికే పరిమితం చేస్తాయి. కొన్ని తెరిచి ఉన్న ట్యాబ్‌లో రాయనిచ్చి, పద్దులు దగ్గర దాచుకుని, నెట్ రాగానే పంపుతాయి. ఆలోగా ట్యాబ్ మూసేస్తే కొన్నిటిలో ఆ పద్దులు గాలికి పోతాయి. పద్దులు ఏ వరసలో అందినా కలిసే రెండో దారిలో కట్టినవి ఇలాంటి విరామాలను బాగా తట్టుకుంటాయి. అయితే అన్ని పద్దులూ కలవడం వేరు, కలిసినది సరైన అర్థం ఇవ్వడం వేరు. ఉదాహరణకి, అక్క నెట్ లేని అరగంటలో ‘రవాణా’ ఫ్రేములోకి మూడు చీటీలు చేర్చింది. అదే అరగంటలో నేను ‘రవాణా’ ఫ్రేము అనవసరమని తీసేశాను. నెట్ వచ్చింది. ఆ మూడు చీటీలు ఎక్కడుండాలి? ఫ్రేముతోపాటు పోవాలా, బయట దిక్కులేకుండా నిలవాలా, వాటికోసం ఫ్రేము తిరిగి బతకాలా? గణితం ఏదో ఒకటి ఎంచుకుంటుంది, అందరి తెరల మీదా అదే కనిపిస్తుంది. అది మేం అనుకున్నదే కావాలని లేదు. ఈ చిక్కును ఏ సాధనమూ పూర్తిగా తప్పించలేదు. మనుషులు ఒకరికొకరు చెప్పుకోవాల్సిన సంగతి కదా.

వెనక్కి తీసుకోవడం, అంటే అన్‌డూ, కూడా ఇలాంటిదే. ఒంటరిగా వాడే ప్రోగ్రాములో అన్‌డూ అంటే చివరి పని వెనక్కి పోవడం. ఐదుగురి బోర్డులో చివరి పని ఇంకెవరిదో అయి ఉంటుంది. కాబట్టి ఎక్కువ బోర్డుల్లో మీ అన్‌డూ మీరు చేసిన పనులనే వెనక్కి తిప్పుతుంది. తమ్ముడు నా చీటీ తీసేస్తే నా అన్‌డూ దాన్ని తేలేదు. అతను తేవాలి, లేదా పాత నకళ్ల చరిత్ర ఉంటే అందులోంచి తీయాలి.

డేటా ఎంత తింటుంది? ఒక లెక్క

బోర్డు తెరిచి పెట్టుకుంటే డేటా ప్యాక్ అయిపోతుందేమోనని మా వైపు చాలామందికి భయం. ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. ఒక కర్సర్ కదలిక పద్దు 100 బైట్లు అనుకుందాం. సెకనుకు 20 సార్లు పంపుతుందనుకుందాం. ఒక్కొక్కరికి సెకనుకు 2,000 బైట్లు, అంటే 2 కేబీ. నాకు నలుగురి కదలికలూ అందాలి కాబట్టి 8 కేబీ. గంటకు 3,600 సెకన్లు గనక నలుగురూ చేయి ఆపకుండా మౌస్ కదిలిస్తూనే ఉన్నా గంటకు సుమారు 29 ఎంబీ.

ఇప్పుడు వీడియో కాల్ చూడండి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున నడిస్తే అది 125 కేబీ. గంటకు 450 ఎంబీ. పదిహేను రెట్లు. మాటలకు మామూలు ఫోన్ కాల్, రాతకు బోర్డు పెట్టుకుంటే సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట కూడా పని సాగడానికి కారణం ఈ లెక్కే.

బోర్డును బరువెక్కించేవి చీటీలు కావు, ఫొటోలు. 4 ఎంబీ ఫొటోలు 30 అతికిస్తే 120 ఎంబీ. చాలా సాధనాలు చిన్న నకలు చేసి చూపిస్తాయి గనక అంతా ఒకేసారి దిగదు. అయినా పాత ఫోనులో బోర్డు తెరుచుకోకపోతే మొదట అనుమానించాల్సింది వాటినే.

ఆరంగుళాల తెర మీద అంచుల్లేని గోడ

మా గుమస్తా గారి దగ్గర కంప్యూటరు లేదు, ఫోన్ ఉంది. మా బోర్డు వెడల్పు 8,000 చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, పెరిగింది. ఆయన ఫోన్ తెర వెడల్పు బ్రౌజరు లెక్కలో 400 చుక్కలు. మొత్తం కనబడాలంటే 5 శాతానికి తగ్గించాలి. అప్పుడు 200 చుక్కల చీటీ 10 చుక్కల గింజ అవుతుంది. అందులో రాత ఏం కనబడుతుంది? దగ్గరికి తెచ్చుకుంటే చీటీ కనబడుతుంది గానీ చుట్టూ ఏముందో తెలియదు.

అంచులు లేకపోవడం పెద్ద తెర ఉన్నవాళ్లకు స్వేచ్ఛ. చిన్న తెర ఉన్నవాళ్లకు అది దారి తప్పే మైదానం. జట్టులో ఎవరి తెర చిన్నదో వాళ్ల మాట తక్కువ వినబడటం నేను కళ్లారా చూశాను, అది నన్ను బాధపెట్టింది. ఇక చూపు లేనివాళ్ల సంగతి మరీ కష్టం. బోర్డు చాలావరకు తెర మీద గీసిన చుక్కల బొమ్మ. తెరను చదివి వినిపించే ప్రోగ్రాముకు అందులో మాటలు దొరకాలంటే తయారీదారు విడిగా ఏర్పాటు చేయాలి. కొందరు చేశారు. ఆ ఏర్పాటున్నా ‘ఈ చీటీ ఆ చీటీకి దగ్గరగా ఉంది’ అనే అర్థాన్ని మాటల వరసలోకి తేవడం తేలిక కాదు.

మీటింగులు నిజంగా బాగుపడతాయా?

దీని మీద రెండు వాదాలున్నాయి, రెండిటికీ ఆధారముంది.

బోర్డును సమర్థించేవాళ్లు చెప్పేది ఇది. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఒకరు మాట్లాడేటప్పుడు మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తట్టిన ఊహ మరుగున పడుతుంది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెరీ, బ్లాక్ చేసిన ప్రయోగంలో, కలిసి ఆలోచించిన జట్టు కంటే, అంతేమంది విడివిడిగా ఆలోచించి రాసినవి కలిపితే ఎక్కువ ఊహలు వచ్చాయి. అలా ఎందుకవుతుందో 1987లో డీల్, స్ట్రోబె అనే పరిశోధకులు పరీక్షించి, తన వంతు కోసం ఆగాల్సి రావడమే ముఖ్య కారణమని చూపారు. బోర్డు మీద వంతులుండవు, అందరూ ఒకేసారి రాయొచ్చు.

లెక్కలో పెట్టి చూద్దాం. ఐదుగురం, 15 నిమిషాలు. వంతులవారీగా మాట్లాడితే ఒక్కొక్కరికి 3 నిమిషాలు. ఒకేసారి రాస్తే ప్రతి ఒక్కరికీ 15 నిమిషాలూ దక్కుతాయి. మొత్తం 75 నిమిషాల ఆలోచన. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు చాలామంది. కానీ ఒక్కొక్కరు 8 చీటీలు రాస్తే 40 చీటీలవుతాయి. ఒక్కోటి చదివి అర్థం చేసుకోవడానికి 20 సెకన్లు పట్టినా 800 సెకన్లు, అంటే 13 నిమిషాలకు పైనే. రాసేటప్పుడు మిగిలిన సమయంలో కొంత చదివేటప్పుడు తిరిగి కట్టాలి. లాభం ఉంది, చెప్పినంత లేదు.

రెండో పక్షంవాళ్లు అడిగేది వేరే. చీటీలో పట్టేది పది మాటలు. “టిన్ను, ప్యాకెట్టు సమస్య” అని రాస్తే ఆ రోజు అందరికీ అర్థమవుతుంది, మూడు వారాల తర్వాత రాసినవాళ్లకే తెలియదు. ఎందుకు, ఎప్పుడు, ఎవరు ఒప్పుకున్నారు అన్నది వాక్యాల్లో రాసిన రెండు పేజీల కాగితమే చెబుతుంది. బోర్డు ఆలోచన పుట్టే చోటు, నిర్ణయాన్ని నిలబెట్టే చోటు కాదు అన్నది వీళ్ల మాట. మా అనుభవంలో ఈ పక్షం బలమైనదే. మేం తిరిగి తెరవని బోర్డులు తెరిచినవాటికంటే ఎక్కువ. అయితే ఆర్డరు వచ్చిన దగ్గర నుంచి లారీ ఎక్కేదాకా సరుకు నడిచే దారిని బాణాలతో గీసిన బోర్డు మాత్రం ఏడాదిగా రోజూ వాడుతున్నాం. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గ్రేడులు ఏ మెట్టు దగ్గర విడిపోతాయో అందులో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక పౌండుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది, అంకె పెరిగితే పప్పు చిన్నది. దీన్ని పేరాల్లో రాస్తే మా తమ్ముడికి ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

నచ్చిన చీటీల మీద చుక్కలు పెట్టి ఎంచుకునే చుక్కల ఓటు గురించి కూడా చెప్పాలి. దాన్ని చూసి జట్లు ఇట్టే మోసపోతాయి. ఐదుగురికి తలా 3 చుక్కలు, మొత్తం 15. ఒక చీటీకి ఒకరు ఒకే చుక్క వేయాలి. ‘లేబుల్ తప్పులు’ చీటీకి 4 పడ్డాయి. ‘లారీ ఆలస్యం’కి 3, ‘లారీ ఎప్పుడొస్తుందో తెలియదు’కి 3. మిగతా 5 అక్కడా ఇక్కడా పడ్డాయి. గెలిచింది లేబుల్. కానీ లారీ చీటీలు రెండూ ఒకటే బాధ, కలిపితే 6. మరి లారీ గెలిచినట్టేనా? అదీ చెప్పలేం. ఐదుగురిలోంచి మూడూ మూడూ వచ్చాయంటే కనీసం ఒకరు రెండిటికీ వేశారు. అడిగినవాళ్లు ముగ్గురే కావచ్చు, ఐదుగురూ కావచ్చు. చీటీలను ఓటుకు ముందు గుంపు కట్టామా, తర్వాతా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. పైగా ఓట్లు అందరికీ కనబడుతూ పడితే, పెద్దాయన చుక్క ఎక్కడ పడిందో చూసి మిగతావి అటే నడుస్తాయి. పేర్లు దాచి ఓటు వేయించే సదుపాయం ఉన్న సాధనాలు ఉన్నది ఇందుకే.

బోర్డు ఎవరి ఇంట్లో ఉంది?

జామ్‌బోర్డు కథ ఇక్కడ పనికొస్తుంది. గూగుల్ దాన్ని మూస్తున్నట్టు 2023 సెప్టెంబరులో ప్రకటించింది. 2024 అక్టోబరు 1 నుంచి చూడటం తప్ప దిద్దడం కుదరలేదు. డిసెంబరు 31తో యాప్ పోయింది. దాచుకోదలచినవాళ్లకు రెండు దారులిచ్చారు. ఒకటి పీడీఎఫ్‌గా మార్చుకోవడం, రెండోది ఫిగ్‌జామ్, లూసిడ్‌స్పార్క్, మిరోల్లోకి తరలించడం.

చిట్టా, ఆవర్జా పోలిక గుర్తుంటే ఈ రెంటి తేడా తెలుస్తుంది. పీడీఎఫ్ అంటే ఆవర్జాలో ఒక పుటను ఫొటో తీసుకోవడం. చదవొచ్చు గానీ చీటీ కదలదు, ఎవరు రాశారో తెలియదు. తరలింపులో గడులు గడులుగానే వెళ్తాయి, కానీ ఒక సాధనంలోని గడికి రెండో సాధనంలో జోడు గడి ఉంటేనే. బోర్డులన్నిటికీ కలిపి అందరూ పాటించే ఒకే దస్త్రం రూపం లేదు. ఎక్స్‌కాలిడ్రా తన ఫైలును ఎవరైనా చదవగల మామూలు అక్షర రూపంలో దాస్తుంది, దాని కోడు కూడా బహిరంగమే. అది ఆ సాధనానికి ఉన్న బలం. పెద్ద జట్లకు కావలసిన అనుమతులు, ఓట్లు, టెంప్లేట్ల విషయంలో అది మిరో అంత విస్తారమైనది కాదు.

ఉచిత ఖాతాలో హద్దులుంటాయి. మిరోలో ఉచితంగా దిద్దుకోగలిగేవి మూడు బోర్డులు. ఈ హద్దులు కంపెనీ ఇష్టాన్ని బట్టి మారుతుంటాయి.

రహస్యం సంగతికొస్తే, ఎక్కువ సాధనాలు దారిలోనూ సర్వరులోనూ సమాచారాన్ని తాళం వేసే ఉంచుతాయి. ఆ తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గర ఉంటుంది. ఎక్స్‌కాలిడ్రాలో కలిసి గీసేటప్పుడు తాళంచెవి లింక్‌లోనే, హ్యాష్ (#) గుర్తు తర్వాతి భాగంలో ఉంటుంది. బ్రౌజర్లు ఆ భాగాన్ని సర్వరుకు పంపవు. అంటే సర్వరు దగ్గర ఉండేది తెరవలేని పెట్టె. దాని రెండో ముఖం ఏమిటంటే, లింక్ పారేసుకుంటే తెరిచిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. ఏ సాధనమైనా ‘లింక్ ఉన్న ఎవరైనా దిద్దవచ్చు’ అని పెట్టి ఆ లింక్‌ను వాట్సాప్ గ్రూపులో వేస్తే తాళాలన్నీ వృథా. మా బోర్డు మీద ఒకప్పుడు కొనుగోలుదారుల ఫోన్ నంబర్లుండేవి. వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడే చట్టం మన దేశంలో 2023లో వచ్చింది. చీటీ మీది నంబరు కూడా అలాంటి సమాచారమే.

నోట తెలుగు, చేత ఒడియా

మా వైపు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఏ కంపెనీ సహాయ పేజీలోనూ అది ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రాయగడ తమ్ముడు తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. పలాస గుమస్తా గారు తెలుగు తప్ప మరో లిపి చదవరు. మాట్లాడుకుంటే ఇద్దరికీ అడ్డు లేదు. బోర్డు మీదకు వచ్చేసరికి, అంటే మాట రాతగా మారేసరికి, మధ్యలో గోడ లేస్తుంది.

ముందు అందరికీ వచ్చే చిక్కు చూద్దాం. కంప్యూటరుకు ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం ఆరు సంకేతాలు. అక్షరాలవారీగా పద్దులు కలిపే సాధనంలో ఇద్దరు అదే మాట మధ్యలో దిద్దితే కలయిక ఆ ఆరింటి మధ్య ఎక్కడైనా జరగొచ్చు. సంకేతాల వరకు లెక్క తప్పు ఉండదు, కంటికి మాత్రం విరిగిన ఒత్తు కనిపిస్తుంది. చేతిరాతలా కనిపించే ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేకపోతే కంప్యూటరు తన దగ్గరున్న వేరే ఫాంట్ తెచ్చి పెడుతుంది. ఆ ఫాంట్ వెడల్పు వేరు. నా తెర మీద చీటీలో పట్టిన మాట మరొకరి తెర మీద చీటీ దాటిపోయేది ఇందుకే.

ఇక రెండు లిపుల సంగతి. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో భారతీయ లిపులను వరసగా 128 స్థానాల వీధుల్లో కూర్చోబెట్టారు, వీధుల్లోని ఇళ్ల వరస చాలావరకు ఒకటే. తెలుగు ‘క’ సంఖ్య 3093. ఒడియా ‘క’ సంఖ్య 2837. తేడా సరిగ్గా 256. ‘మ’కూ అంతే, ‘ర’కూ అంతే, పొల్లుకూ సున్నకూ అంతే. అంటే తెలుగు చీటీలోని ప్రతి సంకేతం నుంచి 256 తీసేస్తే ఒడియా లిపిలో అదే మాట రావాలి.

కొన్నిచోట్ల రాదు. తెలుగులో ఎ, ఏ వేరువేరు, ఒ, ఓ వేరువేరు. ఒడియా లిపిలో వీటి హ్రస్వాలకు వేరే అక్షరాలు లేవు. ‘ఎ’ సంఖ్య 3086, 256 తీస్తే 2830. ఆ ఇల్లు ఒడియా వీధిలో ఖాళీ. పక్కనున్న 2831లో ఏ ఉంది. ఎత్వాన్ని ఏత్వంగా జరపాల్సిందే. అలా జరిపితే ‘తెలుగు’ అన్న మాటే ‘తేలుగు’ అవుతుంది, ‘చెరువు’ ‘చేరువు’ అవుతుంది. ఒడియాలో ‘అ’కారాన్ని కాస్త గుండ్రంగా పలుకుతారు గనక ‘బద్ద’ను బడి అలవాటు ‘బొద్దొ’ వైపు లాగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు దాన్ని తానే సర్దుకుంటాడు.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరల భాష నేర్చుకుని దాన్ని కాగితం మీదకు తెచ్చిన ఆయన, మాట్లాడే తెలుగునే రాయాలని పట్టుబట్టారు. చీటీలో పది మాటలే పట్టేచోట ఆ పట్టుదల విలువ నాకు రోజూ తెలుస్తుంది. ‘సరకు బయలుదేరు సమయము’ అని రాస్తే ఏ లిపిలోకి మార్చినా తమ్ముడికి అర్థం కాలేదు. ‘లారీ ఎప్పుడు?’ అంటే వెంటనే తెలిసింది.

గుణుపురం అక్క ఒక సాయంత్రం కూర్చుని చిన్న ప్రోగ్రాము రాసింది. మా బోర్డును ఫైలుగా దింపి, ప్రతి తెలుగు చీటీ కిందా ఒడియా లిపిలో నకలు చేర్చి తిరిగి ఎక్కించింది. ‘టిన్ను’ సరిగ్గా వచ్చింది. ‘గుండు’ వచ్చింది. ‘పెట్టె’ దగ్గర అది ‘పేట్టే’ అయింది. రాయగడ తమ్ముడు దాన్ని ఉన్నదున్నట్టు పైకి చదివాడు, “పేట్టేకి ఎన్ని కిలోలండీ?” అని. అటు ఫోన్‌లో గుమస్తా గారు ఒక్క క్షణం ఆగి, “పది కిలోలు నాయనా, మొన్న నేను రాసి పోగొట్టుకున్న చీటీలో అదే ఉంది” అన్నారు.